ఎంఆర్ఐకి ఏడు వారాల తర్వాత తేదీ ఇచ్చారు... ఈలోగా నరం దెబ్బతింటుందా?

ప్రశ్న: నా వయసు 44 ఏళ్లు. ఐదు వారాలుగా నడుము నొప్పితో బాధపడుతున్నాను. ఎడమ పిరుదు నుంచి పిక్క దాకా కరెంటు షాక్ కొట్టినట్లు లాగుతోంది. ప్రభుత్వాసుపత్రిలో డాక్టరు ఎంఆర్ఐ రాశారు. స్కానింగ్ విభాగంలో ఏడు వారాల తర్వాత రమ్మన్నారు. నా వెనక వచ్చిన ఒకాయనకు మాత్రం మర్నాడే చేస్తామన్నారు. ఇంత ఆలస్యమైతే నరం దెబ్బతింటుందా? ఈలోగా సీటీ స్కాన్ చేయించుకోవచ్చా? అప్పటిదాకా మంచం మీదే ఉండాలా?

జవాబు: మీ తర్వాత వచ్చినవారికి ముందు తేదీ దొరికితే మనసు కష్టపెట్టుకోవడం సహజమే. సిఫార్సులతో వరుస దాటేవారు ఎక్కడా ఉండరని నేను అనను కానీ, సాధారణంగా ఈ తేదీలు రోగి పరిస్థితిని బట్టి నిర్ణయమవుతాయి. డాక్టరు పంపిన చీటీని చదివి అత్యవసరమైన వాటిని, త్వరగా చేయాల్సిన వాటిని, కొంత ఆగగలిగిన వాటిని వేరు చేస్తారు. వెన్నుపాము నొక్కుకుపోతోందనో, క్యాన్సర్ ఎముకలకు పాకిందనో అనుమానం ఉన్నవారిని ముందుగా పిలుస్తారు. నొప్పి భరించలేనంతగా ఉన్నా, కాలి బలమూ మలమూత్రాల మీద అదుపూ సరిగానే ఉన్నవారు మూడో వరుసలోకి వస్తారు. అయితే ఇందులో ఒక చిక్కుంది. తేదీ నిర్ణయించేవారు మిమ్మల్ని చూడరు, మీ చీటీని మాత్రమే చూస్తారు. దాని మీద ‘నడుము నొప్పి’ అని రెండే మాటలుంటే, మీ పాదంలో నిజంగానే పట్టు తగ్గినా ఆ సంగతి వారికి తెలిసే దారి లేదు. నొప్పి ఎన్నాళ్లుగా ఉంది, ఏ కాలిలోకి పాకుతోంది, తిమ్మిరి ఎక్కడ ఉంది అన్న వివరాలు అందులో లేకపోతే మీ డాక్టరును అడిగి రాయించుకోండి.

ఆలస్యానికి యంత్రం స్వభావం కూడా కొంత కారణమే. సీటీలో చిత్రాలు తీయడం సెకన్లలో పూర్తవుతుంది. నడుముకు ఎంఆర్ఐ తీయాలంటే మాత్రం ఒక్కొక్కరికి సుమారు 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, మధ్యలో కదిలితే ఆ భాగాన్ని మళ్లీ తీయాలి. అంటే రోజంతా ఆపకుండా నడిపినా ఒక యంత్రం మీద చేయగలిగిన పరీక్షలకు హద్దు ఉంటుంది. ఆపైన ప్రతి స్కాన్‌నూ రేడియాలజిస్టు చూసి రిపోర్టు రాయాలి. కాబట్టి తేదీతో పాటు రిపోర్టు ఎప్పుడు వస్తుందో కూడా అడిగి తెలుసుకోండి.

ఇక మీ అసలు భయం గురించి. మీరు చెప్పిన లక్షణాలు సయాటికాను పోలి ఉన్నాయి. వెన్నుపూసల మధ్యనున్న డిస్కు కొంత బయటికి జరిగి నరాన్ని ఒత్తడం వల్ల ఇది ఎక్కువగా వస్తుంది. చాలామందిలో ఆరు నుంచి పన్నెండు వారాల్లో, ఆపరేషన్ అవసరం లేకుండానే, నొప్పి తగ్గుముఖం పడుతుంది. బయటికి జరిగిన డిస్కు భాగాన్ని శరీరమే క్రమంగా కరిగించుకోవడం తరచుగా చూస్తుంటాం. నరం సంగతి మీరే ఇంట్లో గమనించుకోవచ్చు. గోడ పక్కన నిలబడి, మడమల మీద పది అడుగులు, మునివేళ్ల మీద పది అడుగులు నడిచి చూడండి. నిన్న చేయగలిగినది ఇవాళ చేయలేకపోతే, నడుస్తుంటే పాదం జారి వేలాడుతుంటే, ఏడు వారాలు ఆగకండి. స్కానింగ్ విభాగానికి వెళ్లి బతిమాలడం వల్ల ప్రయోజనం తక్కువ, చీటీ రాసిన డాక్టరు మళ్లీ పరీక్షించి ‘అత్యవసరం’ అని రాస్తేనే తేదీ ముందుకు జరుగుతుంది.

కొన్ని లక్షణాలకు అంత వ్యవధి కూడా ఉండదు. మలద్వారం చుట్టూ, తొడల లోపలి వైపు మొద్దుబారడం, మూత్రం బిగుసుకుపోవడం లేదా తెలియకుండానే పడిపోవడం, మలం మీద అదుపు తప్పడం, రెండు కాళ్లలోనూ బలహీనత మొదలవడం... వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అదే రోజు, అర్ధరాత్రి అయినా సరే, ఎమర్జెన్సీ విభాగానికి వెళ్లాలి. వెన్ను చివరి నరాల గుత్తి నలిగిపోతున్నప్పుడు గంటలు కూడా విలువైనవే. జ్వరంతో కూడిన నడుము నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం, గతంలో క్యాన్సర్ ఉండటం వంటివి కూడా డాక్టరుకు వెంటనే చెప్పాల్సిన విషయాలు.

ఎంఆర్ఐకి బదులుగా సీటీ చేయించుకోవాలన్న ఆలోచన మీ విషయంలో నాకు సమంజసంగా తోచడం లేదు. సీటీలో ఎముకలు బాగా కనిపిస్తాయి కానీ, నరాలూ డిస్కులూ ఎంఆర్ఐలో కనిపించినంత స్పష్టంగా కనిపించవు. పైగా నడుము సీటీతో సుమారు 6 మిల్లీసీవర్ట్‌ల రేడియేషన్ శరీరానికి అందుతుంది. ప్రకృతి నుంచి మనిషికి ఏడాదిలో సగటున అందేది దాదాపు 2.4 మాత్రమే. ఎంఆర్ఐ వల్ల అటువంటి రేడియేషన్ ఉండదు.

బయట ప్రైవేటుగా ఎంఆర్ఐ చేయించుకోవాలా అన్నది నిర్ణయించుకునే ముందు మీ డాక్టరును ఒక ప్రశ్న అడగండి: ‘రిపోర్టు ఇప్పుడే వస్తే నా చికిత్సలో ఏం మారుతుంది?’ ఆపరేషనో, వెన్నులో ఇంజెక్షనో ఆలోచిస్తున్నారంటే తొందరపడటంలో అర్థముంది. లేకపోతే రిపోర్టు అనవసరమైన భయాన్నే తెచ్చిపెట్టవచ్చు. నడుము నొప్పి ఏమాత్రం లేని 98 మందికి ఎంఆర్ఐ తీసి 1994లో ప్రచురించిన ఒక పరిశోధనలో, 52 శాతం మందికి కనీసం ఒక చోట డిస్కు ఉబ్బి కనిపించింది. అంటే రిపోర్టులో ‘డిస్కు ఉబ్బింది’ అని ఉన్నంత మాత్రాన మీ నొప్పికి అదే కారణమని చెప్పలేం. ఒకవేళ బయట చేయించుకుంటే ప్రభుత్వాసుపత్రిలో మీ తేదీని తప్పక రద్దు చేయించండి, ఆ అరగంట మరొకరికి ఉపయోగపడుతుంది. అలాగే ఇతరులు రద్దు చేసుకున్నప్పుడు అప్పటికప్పుడు రాగలనని మీ ఫోన్ నంబరు ఇచ్చి ఉంచండి.

మంచం పట్టాల్సిన పని లేదు. ఒకటి రెండు రోజులకు మించి పడుకుని ఉంటే కండరాలు బిగుసుకుపోతాయి. నొప్పి ఓర్చుకోగలిగినంతలో నడుస్తూ ఉండండి, ఎక్కువసేపు ఒకే చోట కూర్చోకండి, ముందుకు వంగి బరువులెత్తకండి. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటి మాత్రలను సొంతంగా వారాల తరబడి వాడకండి. కడుపులో పుండ్లు, కిడ్నీ జబ్బు, బీపీ ఉన్నవారికి వాటితో ముప్పు ఎక్కువ.

ఎంఆర్ఐ యంత్రంలో బలమైన అయస్కాంతం ఉంటుంది. అందుకే పేస్‌మేకర్, చెవిలో అమర్చిన కాక్లియర్ పరికరం, మెదడు రక్తనాళానికి వేసిన క్లిప్పు, ఎప్పుడో కంట్లో పడిన ఇనుప రవ్వ... ఇటువంటివి ఏవైనా ఉంటే ఇప్పుడే చెప్పండి. ఇరుకు చోట్లంటే భయమున్నా దాచుకోవద్దు. పరికరం కాగితాలు ముందే పరిశీలిస్తే కొన్ని రకాలకు ఎంఆర్ఐ చేయడం సాధ్యమే. అదే సంగతి పరీక్ష రోజున బల్ల ఎక్కబోయే ముందు బయటపడితే, మిమ్మల్ని వెనక్కి పంపి కొత్త తేదీ ఇవ్వడం తప్ప అక్కడి సిబ్బంది చేయగలిగింది ఉండదు.