బొండాం నీళ్లు ఒలికిన ల్యాప్‌టాప్‌ను ఏం చేయాలి?

అమలాపురంలో కీబోర్డుపై బొండాం నీళ్లు ఒలికినా ల్యాప్‌టాప్ పనిచేస్తూనే ఉందని, ఇప్పుడేం చేయాలని ఒకరు అడిగారు. పనిచేస్తోంది కదా అని ఊరుకోకుండా ఛార్జర్ తీసి, పవర్ బటన్‌ను నొక్కి పట్టుకుని వెంటనే ఆపివేయండి. బ్యాటరీ ఊడివచ్చే రకమైతే దాన్నీ తీసి, కీబోర్డు కిందికి ఉండేలా గుడారంలా బోర్లించండి. మంచినీళ్ల కంటే బొండాం నీళ్లే ప్రమాదకరం: వాటిలోని పొటాషియం లవణాలు విద్యుత్తును సులువుగా ప్రసరింపజేస్తాయి, ఆరిన తరువాత కూడా ఆ లవణాలూ చక్కెరా జిగురుగా మిగిలి, కోనసీమ తేమగాలిని పీల్చుకుంటూ మదర్‌బోర్డు (లోపలి ప్రధాన సర్క్యూట్ పలక) మీది రాగి గీతలకు ఆకుపచ్చని చిలుము పట్టిస్తాయి. అందువల్ల బియ్యం డబ్బాలో పెట్టడం (మన ఇళ్లలో బియ్యానికి కొదవ లేదు గానీ) వృథా. తవుడు రంధ్రాల్లోకి పోవడమే మిగులుతుంది. ఒకటి రెండు రోజుల్లోపే మెకానిక్ చేత విప్పించి, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బోర్డును శుభ్రం చేయించి, పూర్తిగా ఆరాకే స్విచ్ వేయండి.