గవర్నర్ అభ్యర్థి హామీల్లో నిజంగా గవర్నర్ చేతిలో ఉండేవి ఏవి?

మీరు అడిగింది: "జార్జియాలో ఉంటున్నాం. పౌరసత్వం వచ్చాక 2026 నవంబరులో మొదటిసారి గవర్నర్ ఎన్నికలో ఓటు వేయబోతున్నాను. అభ్యర్థులంతా పన్నులు తగ్గిస్తాం, కరెంటు బిల్లులు తగ్గిస్తాం అంటున్నారు. ఎవరి మాట నమ్మాలో తేల్చుకునేది ఎలా?"

ముందు ఇండియాలో మనకి తెలిసిన గవర్నర్‌ని మనసులోంచి తీసేయండి. ఆయన్ని రాష్ట్రపతి నియమిస్తారు. ఇక్కడి గవర్నర్ చేసేది మన ముఖ్యమంత్రి చేసే పని: బడ్జెట్, నియామకాలు, పైగా బిల్లుల మీద వీటో. కాకపోతే ఆ అధికారం ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉంటుంది. అందుకే హామీ ఎంత బాగుందో చూసేముందు, ఆ పని గవర్నర్ చేతిలో ఉందా లేదా అన్నది చూడాలి.

నేను న్యూజెర్సీలో, ఎడిసన్ పక్కన ఉంటాను. మా ఎన్నిక 2025 నవంబరు 4న జరిగింది. డెమోక్రాట్ల తరఫున మికీ షెరిల్, రిపబ్లికన్ల తరఫున జాక్ చిటరెల్లి. బతుకమ్మ నుంచి దీపావళి దాకా మనవాళ్ల ఏ ఫంక్షన్‌కి వెళ్లినా ఎవరో ఒక నాయకుడు స్టేజీ ఎక్కడం, శాలువా కప్పించుకోవడం, నమస్తే చెప్పి ఫొటో దిగి వెళ్లిపోవడం. అక్కడ పాలసీ గురించి అడిగే సందు దొరకదు. అడగాలంటే తలుపు తట్టే వాలంటీర్లే దిక్కు.

అలా ఒక సాయంత్రం మనవాళ్ల కుర్రాడే ఒకడు పాంప్లెట్ పట్టుకుని వచ్చాడు. ప్రాపర్టీ ట్యాక్స్ తగ్గిస్తామని దాని మీద పెద్ద పెద్ద అక్షరాలు. నేను లోపలికి వెళ్లి మా ట్యాక్స్ బిల్లు తెచ్చి, "ఇందులో ఏ లైను తగ్గుతుంది బాబూ?" అన్నాను. కౌంటీకి ఇంత, స్కూల్ డిస్ట్రిక్ట్‌కి ఇంత, టౌన్‌షిప్‌కి ఇంత అని ఉంటుంది కదా. వాడు వేలు పెట్టి కింది దాకా చదివి, "అంకుల్, ఇందులో స్టేట్ లైనే లేదే!" అన్నాడు. నిజమే, లేదు. న్యూజెర్సీలో ఇంటి పన్ను సగటున ఏడాదికి 10,000 డాలర్లు దాటింది, అందులో సగానికి సగం స్కూళ్లకే పోతుంది, కానీ అందులో ఒక్క డాలరు కూడా గవర్నర్ వేసింది కాదు. గవర్నర్ చేయగలిగింది పక్కదారిన: స్కూళ్లకి రాష్ట్రం ఇచ్చే నిధులు పెంచడం, యాంకర్ అనే పథకంలా ఇంటి పన్ను భారం తగ్గించే రిబేట్లు ఇవ్వడం, పన్ను పెరుగుదలకి కళ్లెం వేసే చట్టం తేవడం. అప్పటి గవర్నర్ క్రిస్ క్రిస్టీ హయాంలో 2010లో వచ్చిన 2 శాతం పరిమితి అలాంటిదే. ఇంటి విలువలో ఇంత శాతం దాటకుండా పన్నుకి సీలింగ్ పెడతానని చిటరెల్లి అన్నారు. వినడానికి బాగానే ఉంది, కానీ దానికి చట్టసభ ఒప్పుకోవాలి. మా రెండు సభల్లోనూ మెజారిటీ అవతలి పార్టీది.

కరెంటు సంగతి ఇంకా చిక్కు. 2025 జూన్ నుంచి మా బిల్లులు దాదాపు 17 నుంచి 20 శాతం పెరిగాయి. మా గ్రిడ్‌ని నడిపేది పీజేఎం అనే సంస్థ, దాని పరిధి 13 రాష్ట్రాలు, వాషింగ్టన్ డీసీ. అవసరమైనప్పుడు కరెంటు ఇవ్వడానికి సిద్ధంగా ఉండేందుకు ప్లాంట్లకి ముందే ధర కట్టేది కెపాసిటీ వేలం. 2024 జులైలో అది జరిపిన ఆ వేలంలో మెగావాట్‌కి రోజుకి సుమారు 29 డాలర్లు ఉన్న ధర ఒక్కసారిగా 270కి ఎగబాకింది. డేటా సెంటర్లకి డిమాండ్ పెరుగుతోంది, పాత ప్లాంట్లు మూతపడుతున్నాయి, కొత్తవి గ్రిడ్‌కి కలవడానికి ఏళ్లు పడుతోంది. ఈ వేలం మా గవర్నర్ మాట వినదు. షెరిల్ మాత్రం యుటిలిటీ ఖర్చుల మీద ఎమర్జెన్సీ ప్రకటించి రేట్లు ఫ్రీజ్ చేస్తానన్నారు. నాకు మొదట నవ్వొచ్చింది. తర్వాత చూస్తే, రేట్లని ఆమోదించే బీపీయూ (బోర్డ్ ఆఫ్ పబ్లిక్ యుటిలిటీస్)లో ఐదుగురినీ నియమించేది గవర్నరే, సెనేట్ ఆమోదంతో. అంటే కొంత పట్టు ఉంది. కానీ వేలంలో పెరిగిన ధర ఎక్కడికీ పోదు, ఆ తేడా ఏదో ఒక ఖాతాలోంచి రావాలి. నేనైతే అభ్యర్థిని అడగాల్సిన అసలు ప్రశ్న ఇదే అంటాను: ఏ ఖాతాలోంచి? షెరిల్ సులువుగానే గెలిచారు, 2026 జనవరి 20న ప్రమాణం చేసిన రోజే ఎమర్జెన్సీ ఉత్తర్వు మీద సంతకం పెట్టారు, బిల్లుల్లో క్రెడిట్లు ఇచ్చే దారి చూడమని బీపీయూకి చెప్పారు.

చిటరెల్లి ఇచ్చిన ఇంకో హామీ, ఆర్‌జీజీఐ నుంచి బయటికి రావడం. కరెంటు ప్లాంట్ల కార్బన్ కాలుష్యం మీద డబ్బు వసూలు చేసే కొన్ని రాష్ట్రాల ఒప్పందం అది. మంచిదో చెడ్డదో పక్కన పెడితే, అది పూర్తిగా గవర్నర్ చేతిలో పనే. క్రిస్టీ బయటికి తెచ్చారు, తర్వాత వచ్చిన ఫిల్ మర్ఫీ 2018లో ఒక ఉత్తర్వుతో మళ్లీ చేరే పని మొదలుపెట్టారు.

ఇక మీ జార్జియా. మా దగ్గర రాష్ట్ర ప్రభుత్వ పదవుల్లో రాష్ట్రమంతా ఓటేసి ఎన్నుకునేది గవర్నర్, లెఫ్టినెంట్ గవర్నర్ జంటనే. అటార్నీ జనరల్‌ని కూడా గవర్నరే నియమిస్తారు. మీ దగ్గర అటార్నీ జనరల్, స్కూల్ సూపరింటెండెంట్, ఇన్సూరెన్స్ కమిషనర్ అందరినీ విడివిడిగా ఎన్నుకుంటారు. కరెంటు రేట్లు చూసే పబ్లిక్ సర్వీస్ కమిషన్ కూడా ఎన్నికైనదే, ఐదుగురు సభ్యులు. 2025 నవంబరులో అందులో రెండు సీట్లు డెమోక్రాట్లు గెలిచారంటే దానికి ముఖ్య కారణం కరెంటు బిల్లుల మీద జనానికున్న కోపమే. కాబట్టి మీ గవర్నర్ అభ్యర్థి బిల్లు తగ్గిస్తానంటే, కమిషన్‌ని ఎలా ఒప్పిస్తారో అడగండి. 2026 బ్యాలెట్‌లోనూ కమిషన్ సీట్లు ఉన్నాయి, అవి చాలా కిందకి ఉంటాయి. పైన గవర్నర్ పేరు దగ్గర టిక్కు పెట్టి బయటికి వచ్చేయకండి.