ఫ్రిజ్ ఆపి పాట రికార్డు చేసే అబ్బాయిని ఎందులో చేర్చాలి?

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా చీపురుపల్లి. కిరాణా దుకాణం నడుపుతున్నాను. మా గుంటడు ఎంపీసీతో ఇంటర్ పూర్తి చేశాడు, ఈఏపీసెట్‌లో ఒక మాదిరి ర్యాంకు వచ్చింది. రాజాంలో మా బావమరిదికి ఫోటో స్టూడియో ఉంది. మా పెద్దమ్మాయి పెళ్ళికి డబ్బు సర్ది ఆదుకున్నదీ ఆయనే. మావాడు సెలవుల్లో అక్కడికి వెళ్ళి పెళ్ళిళ్ళ లైవ్ పని నేర్చుకొని, ఇప్పుడు కంప్యూటరు ముందు నుంచి లేవడం లేదు. రాత్రిపూట దుకాణంలో ఫ్రిజ్ ఆపేసి వాళ్ళ నాయనమ్మ చేత దంపుళ్ళ పాటలు పాడించి రికార్డు చేస్తున్నాడు. రెండుసార్లు పాల ప్యాకెట్లు విరిగిపోయాయి. మొన్న ఒక పెళ్ళిలో క్షణం పాటు కరెంటు పోతే రెండు గంటల వీడియో ఇక తెరుచుకోలేదు, పెళ్ళివారు డబ్బులివ్వలేదు. 900 రూపాయలకు దొరికే క్యాప్చర్ కార్డు వద్దట, 9 వేలది కావాలట. యూట్యూబ్ ఛానల్ కూడా పెడతాడట. విశాఖపట్నంలో ఒక సంస్థవారు 18 నెలల మల్టీమీడియా, వీఎఫ్‌ఎక్స్ డిప్లొమాకు 2,60,000 రూపాయలు అడుగుతున్నారు, ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. బీటెక్ సీఎస్‌ఈ మంచిదా, ఇది మంచిదా? పెళ్ళిళ్ళలో కెమెరా పట్టుకొని తిరిగేవాడికి రేపు పిల్లనెవరిస్తారు?

జవాబు: అయ్యా,

మీరు కోర్సుల గురించి అడిగారు గానీ, మీకు నిద్ర పట్టనివ్వనిది మీ ఉత్తరంలోని చివరి వాక్యం. పిల్లవాడికి ఏదో ఒక పనిముట్టు మీద మనసు పడిందని మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల నుంచి నాకు వచ్చే ఉత్తరాలన్నీ దాదాపుగా ఆ వాక్యంతోనే ముగుస్తాయి. కోర్సుల సంగతి చెబుతాను, కానీ ముందుగా పాల ప్యాకెట్ల గురించి మాట్లాడుకుందాం.

ఫ్రిజ్ ఆపుతున్నాడని మీరు ఫిర్యాదు చేశారు. ఫ్రిజ్ కంప్రెసరు మూలుగును మన చెవి కాసేపటికి పట్టించుకోవడం మానేస్తుంది గానీ మైకుకు ఆ మరపు లేదు. అది నాయనమ్మ గొంతుతో పాటు ఆ మూలుగును కూడా నమ్మకంగా కంప్యూటరుకు అప్పజెబుతుంది. తరువాత ఆడాసిటీ వంటి ఉచిత సాఫ్ట్‌వేరుతో దాన్ని తగ్గించవచ్చు, అయితే గట్టిగా తగ్గించబోతే ముసలి గొంతులోని జీర కూడా దానితోనే కొట్టుకుపోయి, పాట నీళ్ళ అడుగు నుంచి వినబడినట్టు ఉంటుంది. చప్పుడును తరువాత కడగడం కన్నా మొదటే రానివ్వకుండా చూసుకోవాలని తెలుసుకోవడానికి డబ్బు కట్టి చదివినవారికి కూడా కొంత కాలం పడుతుంది. మీ అబ్బాయికి అది దుకాణంలో, ఫ్రిజ్ పక్కన కూర్చొని తెలిసింది. అలాంటి చెవి ఉన్న పిల్లవాడి గురించి ఉత్తరం రాస్తూ, రెండు పాల ప్యాకెట్ల నష్టాన్ని జాగ్రత్తగా లెక్క చూపిన మీరు, ఆ పాటలు ఎలా వచ్చాయో ఒక్క ముక్క కూడా రాయలేదు. విన్నారా అసలు? పాడినది మీ అమ్మగారే కదా.

క్యాప్చర్ కార్డు విషయంలో కూడా వాడు చెబుతున్నదే సబబు. కెమెరా హెచ్‌డీఎంఐ తీగ ద్వారా పంపే దృశ్యాన్ని కంప్యూటరుకు అర్థమయ్యేటట్టు మార్చి అందించడం ఆ కార్డు పని. ఫుల్ హెచ్‌డీ దృశ్యంలో 1920 అడ్డానికి, 1080 నిలువుకు చుక్కలుంటాయి. ఒక్కొక్క చుక్కకు 2 బైట్ల చొప్పున, సెకనుకు 30 ఫ్రేములు కుదించకుండా పంపాలంటే సెకనుకు దాదాపు 99.5 కోట్ల బిట్లు ప్రయాణించాలి. యూఎస్‌బీ 2.0 దారి సెకనుకు 48 కోట్ల బిట్లకు మించి మోయలేదు. అందువల్ల ఆ దారిలో నడిచే చౌక కార్డు దృశ్యాన్ని అక్కడికక్కడే నలిపి పంపుతుంది, లేదా ఫ్రేములు తగ్గిస్తుంది. పెళ్ళికూతురి పట్టుచీర అంచు చెదిరినట్టు కనిపించేది ఇందుకే. యూఎస్‌బీ 3.0 దారి 500 కోట్ల బిట్ల వరకు మోయగలదు కాబట్టి ఆ తరహా కార్డు ఇబ్బంది లేకుండా పంపుతుంది. యూఎస్‌బీ ప్లగ్గు లోపల నీలం రంగు ప్లాస్టిక్ పెట్టినంత మాత్రాన ప్రతి కార్డూ 3.0 కాదని మాత్రం వాడికి చెప్పండి. బిల్లు తీసుకొని, స్టూడియో కెమెరాతో కలిపి చూశాకే ఖాయం చేసుకోవాలి. కందిపప్పులో రెండు రకాలకు ధర ఎందుకు తేడాగా ఉంటుందో కొనుగోలుదారులకు రోజూ నచ్చజెప్పే మీకు ఈ తేడా అర్థం కాకపోదు.

ఇక కరెంటు పోయి వీడియో పాడైన సంగతి. అది వాడి అసమర్థతకు సాక్ష్యమన్నట్టుగా మీరు రాశారు. ఎంపీ4 ఫైలులో ఏ ఫ్రేము ఎక్కడుందో చెప్పే పట్టిక సాధారణంగా రికార్డింగు ముగిసిన తరువాతే రాయబడుతుంది. నడుమ కరెంటు పోతే ఆ పట్టిక రాయబడదు, రెండు గంటల దృశ్యం డిస్కులో ఉండి కూడా తెరుచుకోదు. ఓబీఎస్ స్టూడియో అనే ఉచిత సాఫ్ట్‌వేరులో ఎంకేవీ రూపంలో రికార్డు చేస్తే కరెంటు పోయిన క్షణం వరకు ఉన్నదంతా దక్కుతుంది, ఆపైన అదే సాఫ్ట్‌వేరులో రీమక్స్ చేసి నిమిషాలలో ఎంపీ4గా మార్చుకోవచ్చు. దీనికి తోడు ఒక చిన్న యూపీఎస్ ఉండాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన తరువాత మా శ్రీకాకుళం వైపు ఎన్ని రాత్రులు చీకట్లో గడిచాయో చూసినవాడిని కనుక, కరెంటు పోదన్న నమ్మకంతో ఏ పనినీ మొదలుపెట్టవద్దని నేను అందరికీ చెబుతుంటాను. ఇంతకూ ఆ పెళ్ళి డబ్బు పోవడం వల్ల వాడు నేర్చుకున్నది చిన్నది కాదు; పని తెలిసిన ప్రతివాడూ ఒకసారి ఇలాంటి దెబ్బ తినే ఉంటాడు.

ఇప్పుడు 2,60,000 రూపాయల కోర్సు. ఇక్కడ నా సందేహాలను దాచుకోలేను, ఎందుకంటే ఈ కోర్సులకు కొత్తగా గిరాకీ వచ్చిన రోజుల్లో నేనే ఇద్దరు పిల్లలను అటు పంపించాను, అందుకు ఇప్పటికీ నొచ్చుకుంటూ ఉంటాను. వారిలో ఒకరి తండ్రి నలభై సెంట్ల పొలం అమ్మి ఫీజు కట్టారు. ఉద్యోగం గ్యారంటీ అన్న మాట ప్రకారం ఉద్యోగం వచ్చింది. అందులో చేయవలసింది సినిమా దృశ్యంలోని మనిషి చుట్టూ ఫ్రేము తరువాత ఫ్రేములో గీత గీసి, వెనుక ఉన్న దానిని వేరు చేయడం. సినిమాకు సెకనుకు 24 ఫ్రేముల చొప్పున, పది సెకన్ల దృశ్యమంటే 240 ఫ్రేములు. ఆ పనికి వచ్చిన జీతం నగరంలో గది అద్దెకు, తిండికి సరిపోగా ఇంటికి పంపడానికి మిగలలేదు, ఏడాది తిరగకముందే ఆ అబ్బాయి తిరిగి వచ్చేశాడు. పైగా ఆ గీతలు గీసే పనిలో పెద్ద భాగాన్ని ఇప్పుడు కృత్రిమ మేధ పనిముట్లు చేసేస్తున్నాయి. ఇలాంటి చోట్ల చాలావరకు నేర్పేది ఒక సాఫ్ట్‌వేరులో ఏ మీట ఎక్కడ ఉందన్నది. రెండేళ్ళకు ఆ మీట చోటు మారిపోతుంది. వారు ఇచ్చే కాగితం మీద డిప్లొమా అని ఉన్నా, అది రాష్ట్ర సాంకేతిక విద్యామండలి ఇచ్చే పాలిటెక్నిక్ డిప్లొమా వంటిది కాదు. దానితో ఈసెట్ రాసి ఇంజనీరింగు రెండో ఏడాదిలో చేరడానికి వీలుండదు. ఇది మీతో ఎవరైనా చెప్పారా? ఫీజు వాయిదాలలో కట్టవచ్చని మాత్రం చెప్పే ఉంటారు.

చేయి బొమ్మ వేయగలిగినదై, కదలికను గీసి చూపగలవాడైతే హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం వంటి చోట యానిమేషన్ చదవమని చెప్పేవాడిని. మీ ఉత్తరంలో ఎక్కడా వాడు బొమ్మలు వేస్తాడని లేదు. వాడి ఆసక్తి కల్పించడంలో కాక, ఉన్నదాన్ని ఉన్నట్టుగా పట్టుకోవడంలో ఉంది. ఈ రెండింటినీ ఒకే మల్టీమీడియా సంచిలో వేసి అమ్ముతున్నారు కాబట్టి పిల్లలు కూడా ఒకటేనని అనుకుంటున్నారు.

యూట్యూబ్ ఛానల్ పెడతానంటే పెట్టనివ్వండి, జీవనాధారంగా మాత్రం లెక్కవేయనివ్వకండి. ప్రకటనల డబ్బులో వాటా రావాలంటే 1,000 మంది చందాదారులతో పాటు, పన్నెండు నెలలలో 4,000 గంటల వీక్షణ ఉండాలి, లేదా 90 రోజులలో షార్ట్స్‌కు కోటి వీక్షణలు రావాలి. 4,000 గంటలంటే 2,40,000 నిమిషాలు. చూసినవారు తలా మూడు నిమిషాలు చూస్తారనుకుంటే 80,000 సార్లు ఎవరో ఒకరు చూడాలి. అది డబ్బు రావడం మొదలయ్యే గడప మాత్రమే.

బీటెక్ విషయానికి వస్తే, సీఎస్‌ఈ అని మీరు రాసింది ఊరంతా అంటున్నారు కాబట్టి రాశారని నా అనుమానం. మీ అబ్బాయి రాత్రిళ్ళు కుస్తీ పడుతున్న విషయానికి ఈసీఈ, అంటే ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్ ఇంజనీరింగు, దగ్గర చుట్టం. శబ్దాన్ని సెకనుకు 48,000 ముక్కలుగా ఎందుకు కొలవాలి, ఒక్కొక్క ముక్కకు 24 బిట్లు ఎందుకు ఇవ్వాలి అన్నవి అందులో సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్, డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్ అన్న పాఠాలుగా వస్తాయి. లెక్కలు కఠినంగానే ఉంటాయి, అయితే ఆ లెక్క దేనికో ముందే తెలిసినవాడికి తరగతిలో కూర్చోవడం శిక్షగా అనిపించదు. విజయనగరంలోని జేఎన్‌టీయూ గురజాడ విశ్వవిద్యాలయం పరిధిలో మీకు దగ్గరలో, వాడి ర్యాంకుకు అందుబాటులో ఉన్న కళాశాల ఏదైనా పరవాలేదు. డిగ్రీ తరువాత కూడా శబ్దం మీదే మనసు ఉంటే, పుణెలోని ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్‌లో సౌండ్ రికార్డింగు కోర్సుకు డిగ్రీతో పాటు ఇంటర్‌లో భౌతికశాస్త్రం చదివి ఉండాలని అడుగుతారు; అంటే ఎంపీసీ చదువు వృథా కాలేదు. సీఎస్‌ఈ సీటు వచ్చి ఈసీఈ రాకపోయినా కొంపలు మునగవు. ఈ పోలికకు ఇంతకన్నా ఎక్కువ చోటు ఇవ్వవలసిన అవసరం నాకు కనిపించడం లేదు.

మొదటి రెండేళ్ళు వాడు చదువుతో పాటు ఏం చేయాలో చెబుతాను. కొనవలసినవి క్యాప్చర్ కార్డు, రెండు మైకుల శబ్దాన్ని కంప్యూటరుకు అందించే ఆడియో ఇంటర్‌ఫేస్, ఒక మంచి మైకు, చెవులను పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లు. సాఫ్ట్‌వేరుకు ఓబీఎస్, ఆడాసిటీ, వీడియో కూర్పుకు డావిన్చీ రిజాల్వ్ ఉచిత రూపం చాలు. విజయనగరంలో 1919లో మొదలై, ఘంటసాల చదువుకున్న మహారాజా సంగీత కళాశాల ఉంది. అక్కడి విద్యార్థుల పాటను, వీణను శుభ్రంగా రికార్డు చేసి ఇస్తానని వెళ్ళి అడగమనండి. తప్పెటగుళ్ళ బృందాన్ని ఒకసారి రికార్డు చేస్తే, గుండెల మీది తప్పెట మీద పడే మొదటి దెబ్బకు శబ్దం కొలిచే మీటరు ఎర్రగీత దాటకుండా ముందే చోటు వదిలిపెట్టడమంటే ఏమిటో, ఆ గెంతులకు షట్టరు వేగం ఎంత కావాలో ఏ తరగతిలోనూ రానంత బాగా తెలుస్తుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి కల్యాణ మండపాల్లో కొన్ని ఎల్‌ఈడీ దీపాల కింద సెకనులో 50వ వంతు లేదా 100వ వంతు షట్టరు పెట్టకపోతే దృశ్యం మీద నల్లని చారలు పాకుతాయన్నది మీ బావమరిది గారే చూపించి ఉంటారు. పైడితల్లమ్మ సిరిమానోత్సవం వంటి జనసందోహంలో ఫోను నెట్‌వర్కు మీద ఆధారపడితే లైవ్ మధ్యలో ఆగవచ్చు, అందుకే పంపుతున్నదాన్ని అదే సమయంలో కంప్యూటరులో కూడా రికార్డు చేసుకోవాలి. ప్రతి ఇంటి బీరువాలోనూ బూజు పడుతున్న పెళ్ళి వీహెచ్‌ఎస్ టేపులు, హరికథల క్యాసెట్లు ఉన్నాయి. గంట క్యాసెట్టు కంప్యూటరులోకి ఎక్కడానికి గంటా పడుతుంది, ఓపిక ఉన్నవాడికే ఆ పని. మీ అబ్బాయికి ఓపిక ఉందని నాయనమ్మ పాటలే చెబుతున్నాయి.

పిల్లనెవరిస్తారన్న ప్రశ్నకు హామీ పత్రం రాసి ఇవ్వలేను. అయితే పెద్దమ్మాయి పెళ్ళికి మిమ్మల్ని ఆదుకున్న డబ్బు కెమెరా పట్టుకొని తిరిగిన మనిషిదే కదా. దాన్ని తీసుకున్ననాడు మీకు చిన్నతనం అనిపించలేదు. పైగా ఈ పని పెళ్ళిమండపంలో ఆగిపోయేదేమీ కాదు. 2022 సెప్టెంబరు 27 నుంచి సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం విచారణలు ప్రత్యక్ష ప్రసారమవుతున్నాయి. ఎన్‌పీటీఈఎల్ పేరుతో ఐఐటీల పాఠాలు ఏళ్ళ తరబడి రికార్డు అవుతున్నాయి. ఆసుపత్రులకు, విశ్వవిద్యాలయాలకు, బ్యాంకుల సమావేశాలకు కూడా తీగ ఏదో, తప్పు ఎక్కడుందో తెలిసిన మనిషి కావాలి. తెర మీద పేరు పడని పని ఇది. మొదటి ఏళ్ళలో సంపాదన పెద్దగా ఉండదు, అందుకే డిగ్రీ విడవవద్దంటున్నాను. నాలుగేళ్ళ తరువాత ఈసీఈ పట్టా, చేతిలో పని, రెండూ ఉన్న అబ్బాయిని చూసి పిల్లనివ్వడానికి వెనకాడే ఇల్లు ఏదైనా ఉంటే, ఆ సంబంధం గురించి మీరే వెనకాడాలి.

ఆ 2,60,000 అలాగే ఉంచి, అందులోంచి పరికరాలకు 35 వేలకు మించకుండా తీయండి, బిల్లులు దుకాణం లెక్కలోలాగే వాడి చేతే రాయించండి. ఫ్రిజ్‌ను మాత్రం ఇక ఆపనివ్వకండి. బియ్యం బస్తాలు పేర్చి ఉంచే గోదాము దుకాణానికి కాస్త ఎడంగా ఉంటే, మూడు వైపులా బస్తాలు, మీద ఖాళీ గోనెలు వేలాడదీసిన ఆ చోట గొంతుకు ప్రతిధ్వని తక్కువగా ఉంటుంది. అలాంటి గది కోసం నగరాల్లో వేలు ఖర్చు పెడతారు. దుకాణం కట్టేశాక ఆ తాళం వాడికివ్వండి. ఎలుకల సంగతి వాడు చూసుకుంటాడు.