హేమిస్ పండక్కి వెళ్లేముందు

చిన్నీ,

మీ అమ్మను తీసుకుని లద్దాఖ్ వెళ్తున్నావట, అదీ హేమిస్ బౌద్ధ మఠంలో జరిగే ఛేచు పండగ చూడ్డానికేనట. చెల్లి ఫోన్‌లో చెప్పినప్పటి నుంచి నాకు కాలు నిలవట్లేదు. నేను అక్కడికి రెండుసార్లు వెళ్లాను కదా. మొదటిసారి సగం పండగ పోగొట్టుకున్నాను. 2016లో మళ్లీ వెళ్లి తనివితీరా చూశాను. రెండోసారి తొందరపడలేదు, తేడా అంతే. ఈ ఉత్తరమంతా దాని గురించే అనుకో.

టికెట్లు కొనేముందు తేదీ ఇంకోసారి సరిచూసుకో. టిబెటన్ పంచాంగంలో అయిదో నెల పదో రోజు, పదకొండో రోజు ఈ పండగ. మన లెక్కలో శుద్ధ దశమి, ఏకాదశి. చాలా ఏళ్లు మన తొలి ఏకాదశి రోజుల్లోనే పడుతుంది. అధికమాసం తేడాల వల్ల ఒక్కోసారి నెల ముందే వచ్చేస్తుంది. పోయినేడాది తేదీ చూసి బుక్ చేసుకున్నవాళ్లు ఖాళీ మఠం చూసి రావాల్సిందే.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది, ఒంటి సంగతి. మీరు విమానం దిగే లేహ్ ఊరు దాదాపు పదకొండున్నర వేల అడుగుల ఎత్తులో ఉంది. మన బెజవాడ ఎండల్లో పెరిగిన ఒళ్లు విమానం దిగేసరికి ఆ పల్చటి గాలిలో పడుతుంది. దిగగానే ఏమీ అనిపించదు, అదే మోసం. సాయంత్రానికి తల నొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. మొదటిసారి మమ్మల్ని తీసుకెళ్లిన టూర్ వాళ్లు రెండో రోజు పొద్దున్నే ఖార్దుంగ్ లా అనే కనుమ ఎక్కించారు. అది పదిహేడు వేల అడుగుల పైమాటే. "అందరూ వెళ్తారు మేడమ్" అంటే నేనూ నోరు మూసుకుని ఎక్కాను. రాత్రంతా వాంతులు. మర్నాడు హేమిస్‌లో బూరలు మోగుతుంటే నేను హోటల్ గదిలో ఆక్సిజన్ పెట్టుకుని పడుకున్నాను. అంత దూరం వెళ్లి పైకప్పు చూస్తూ పడుకోవడమంటే ఎంత బాధో నీకు చెప్పలేను.

అందుకే పండగకి కనీసం మూడు రోజుల ముందే లేహ్ చేరండి. మొదటి రెండు రోజులు ఏ ఊరూ చూడొద్దు. తినండి, నీళ్లు తాగండి, పడుకోండి. మెట్లు కూడా మెల్లగా ఎక్కండి. మీ అమ్మకి బీపీ ఉంది కాబట్టి బయల్దేరేముందే డాక్టర్‌కి చూపించు. ఎత్తు పడనప్పుడు వేసుకునే డయామాక్స్ మాత్రల గురించి కూడా ఆయన్నే అడుగు, సల్ఫా మందులు పడనివాళ్లకి అవి పడకపోవచ్చు. మీ అమ్మ ఏ నొప్పీ పైకి చెప్పదు, మా నలుగురిలో చిన్నప్పటి నుంచి అదే మొండిది. గంటకోసారి నువ్వే అడుగు. తలనొప్పి తగ్గకపోయినా, నడకలో తూలినా, పడుకున్నా ఆయాసం వచ్చినా పండగ మాట మర్చిపోయి ఆస్పత్రికి తీసుకెళ్లు.

మన ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి. ఎండ చురుక్కుమంటుంది, నీడలోకి వెళ్తే వణుకు. టోపీ, సన్‌స్క్రీన్, స్వెట్టర్ మూడూ ఒకే సంచిలో పెట్టుకో.

హేమిస్ లేహ్‌కి 45 కిలోమీటర్ల దూరం. షే, థిక్సే దాటి సింధు నది పక్కనే పోతారు, కారూ అనే ఊరి దగ్గర నది దాటి కొండల సందులోకి మళ్లుతారు. మఠం దగ్గరికి వెళ్లేదాకా కనపడదు, అంత లోపలికి దాచినట్టు కట్టారు. 17వ శతాబ్దంలో సెంగే నామ్‌గ్యాల్ రాజు అండతో వెలిసిన మఠం అది, టిబెటన్ బౌద్ధంలో ద్రుక్‌పా శాఖవాళ్లది. ఆ రోజు బండ్లన్నీ ఆ సందులోనే ఇరుక్కుంటాయి. చీకటితోనే లేచి, ఎనిమిదింటికల్లా ముంగిట్లో కూర్చోండి.

ఒకసారి కూర్చున్నాక లేవొద్దు. అక్కడ జరిగేది టిబెట్‌లో బౌద్ధాన్ని నిలిపిన గురువు పద్మసంభవుడి పేరిట పూజ, మాస్కులు కట్టుకున్న లామాల నాట్యం అందులో భాగం. దాన్ని చామ్ అంటారు. మనిషి కంటే పొడవైన రాగి బూరలు ఊదుతారు, ఆ మోత చెవికంటే ముందు కడుపులో తెలుస్తుంది. ముంగిలి మధ్యలో జెండా స్తంభం, దాని చుట్టూ ఒక్కో అడుగూ ఆచితూచి వేస్తూ తిరుగుతారు. మొదటి అరగంట నీకు విసుగొస్తుంది. అడుగులన్నీ ఒకేలా ఉన్నాయనిపిస్తుంది. ఫోన్ తీయకుండా ఓపిక పట్టు. గంట గడిచాక నీ ఊపిరి కూడా ఆ తాళానికే నడుస్తుంది. పద్మసంభవుడి ఎనిమిది రూపాలూ వరసగా బయటికొచ్చేటప్పుడు గొడుగు కింద వచ్చే ఆయన కోసం చూడు, ఊరివాళ్లు లేచి ఖతగ్‌లనే తెల్లటి కండువాలు పట్టుకుని ముందుకి వంగుతారు. చివర్లో పిండిబొమ్మను కత్తితో నరుకుతారు. మనిషిలోని అహంకారాన్ని నరకడమని వాళ్లు చెప్తారు.

ఒకసారి స్తంభాల వెనక నించుని చూశాను. నాట్యం ముగించుకుని లోపలికొచ్చిన లామా మాస్కు పైకెత్తాడు. లోపల పద్దెనిమిదేళ్లు కూడా నిండని కుర్రాడు. నుదుటికి చుట్టిన గుడ్డ చెమటతో తడిసి ముద్దైంది, ముక్కు మీద మాస్కు ఒరిపిడికి ఎర్రటి గీత. గటగటా నీళ్లు తాగి, మాస్కు దించుకుని మళ్లీ వరసలోకి వెళ్లిపోయాడు. అది చూశాక నాకు ఫోటో కోసం గీత దాటి ముంగిట్లోకి దూకేవాళ్లను చూస్తే కోపం వస్తోంది. మన గుళ్లో కల్యాణం జరుగుతుంటే పీటల మధ్యకి ఎవరైనా కెమెరా పట్టుకుని వస్తే ఊరుకుంటామా? నువ్వు కూర్చున్న చోటి నుంచే నాలుగు ఫోటోలు తీసుకో. లోపల గర్భగుడిలో వద్దన్నచోట అసలు తీయకు. ప్రదక్షిణ మనలాగే, కుడిచేతి వైపు ఉంచుకుని తిరగాలి.

కుదిరితే ఊరి ఆడవాళ్ల మధ్య చోటు చూసుకోండి. "జూలే" అని వాళ్ల భాషలో పలకరిస్తే చాలు, జరిగి చోటిస్తారు. నా పక్కన పెరక్ పెట్టుకున్న ముసలావిడ కూర్చుంది, నుదుటి నుంచి వీపు దాకా పచ్చటి ఫిరోజా రాళ్లు కుట్టిన తలకట్టు అది. ఫ్లాస్క్‌లోంచి గుర్‌గుర్ చాయ్ పోసిచ్చింది. వెన్న, ఉప్పు వేసి కవ్వం తిప్పినట్టు చిలుకుతారు, ఆ చప్పుడు వల్లే ఆ పేరు. టీ అనుకుంటే నోట్లో పెట్టలేవు, పల్చటి సూప్ అనుకుని తాగు. గ్లాసు ఖాళీ చేస్తే మళ్లీ నింపుతారు, చాలనుకుంటే నిండుగానే ఉంచెయ్యి. ఏ ఊరని ఆవిడ హిందీలో అడిగింది. ఆంధ్ర అన్నాను. ఆవిడ నా చేయి పట్టేసుకుని "అమరావతి!" అంది. 2006 జనవరిలో దలైలామా ఇచ్చిన కాలచక్ర దీక్షకి ఆవిడ మన అమరావతి వచ్చిందట. బుద్ధుడు కాలచక్రం మొదట చెప్పింది ధాన్యకటకంలో, అంటే పాత అమరావతిలోనేనని వాళ్ల నమ్మకం. మనం కృష్ణకి అవతల ఎండకి తిట్టుకుంటూ తిరిగే ఊరిని ఆవిడ కళ్లకద్దుకుంటోంది. మిగతా రోజంతా నన్ను వదల్లేదు. మఠం గోడకి వేలాడదీసిన పెద్ద పద్మసంభవుడి పటం దగ్గరికి తనే తీసుకెళ్లింది. అది పన్నెండేళ్లకోసారి, కోతి సంవత్సరంలోనే విప్పుతారు, మళ్లీ 2028లో.

అందుకని మీరు కూడా ఏ ఊరని అడిగితే హైదరాబాద్ అని ఊరుకోకండి, అమరావతి పక్కనే మా పుట్టిల్లని మీ అమ్మ చేత చెప్పించు.

ఆదివారం ఇంటికి రా. నా ఊలు శాలువా, ఆ ముసలావిడ ఇచ్చిన ఖతగ్ బీరువాలో ఉన్నాయి. శాలువా మీ అమ్మకి. ఖతగ్ అక్కడ గురువు ముందు నా పేరు చెప్పి వేసి రా తల్లీ.

మీ పెద్దమ్మ