కొనడానికి దొరకనిదాన్ని దింపుకుంటే తప్పా?

ప్రశ్న: ఎప్పుడో టీవీలో వచ్చిన ఒక డాక్యుమెంటరీ సిరీస్ కోసం చాలా వెతికాను. డీవీడీలు ఆపేశారు, ఏ ఓటీటీలోనూ లేదు. డబ్బు కడతానన్నా అమ్మేవాళ్లు లేరు. చివరికి టోరెంట్‌లో దింపుకున్నాను. అమ్మనిదానికి నష్టం ఎక్కడిది? నోటీసు వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ వాదన వినడానికి బాగానే ఉంది గానీ, కోర్టులో నిలవదు. కాపీరైట్ ఉన్నవారికి అమ్ముకునే హక్కుతో పాటు అమ్మకుండా ఉంచుకునే హక్కు కూడా ఉంటుంది. పైగా అమ్మకపోవడానికి ప్రతిసారీ మొండితనమే కారణం కాదు. సిరీస్‌లో వాడిన పాటల లైసెన్సు గడువు తీరిపోతే, నిర్మాత తనదైన సిరీస్‌నే మళ్లీ విడుదల చేయలేక కూర్చుంటాడు.

నష్టం లేదన్న మాట బొత్తిగా వృథా అనను. పరిహారం ఎంతన్న లెక్క వచ్చినప్పుడు అది పనికొస్తుంది, ఉల్లంఘన జరిగిందా అన్నప్పుడు పనికిరాదు. అమెరికాలో ఆ లెక్కలోనూ దాన్ని పెద్దగా నమ్ముకోలేం. సకాలంలో రిజిస్టరైన కృతి అయితే, నష్టం రుజువు చేయకుండానే ఒక్కో కృతికి 750 నుంచి 30,000 డాలర్ల దాకా, తెలిసి చేస్తే 1,50,000 దాకా వేయవచ్చు.

మీ విషయంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది టోరెంట్. ఫైలు మీకు ముక్కలుగా వస్తున్నంతసేపూ, వచ్చిన ముక్కలు మీ కంప్యూటర్ నుంచి ఇతరులకు వెళుతుంటాయి. పూర్తయ్యాక ప్రోగ్రాం మూసేయకపోతే ఇంకా వెళుతూనే ఉంటాయి. అంటే మీరు దింపుకోవడమే కాదు, పంచిపెట్టారు కూడా. మీ ఐపీ అడ్రస్, అంటే నెట్‌లో మీ కనెక్షన్‌ను గుర్తుపట్టే నంబరు, అదే ఫైలు పంచుకుంటున్న అందరికీ కనిపిస్తుంది, హక్కుదారు తరఫున చేరి గమనించేవాళ్లతో సహా. నోటీసులు ఎక్కువగా వచ్చేది ఈ దారిలోనే.

స్విట్జర్లాండ్‌లో సొంతానికి సినిమా దింపుకుంటే తప్పు కాదు, ఎక్కిస్తే తప్పు. నెదర్లాండ్స్‌లోనూ అలాగే ఉండేది; 2014లో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం తీర్పుతో ఆ వెసులుబాటు పోయింది. కాబట్టి ఎవరో విదేశీయుడు ‘ఏం కాదులే’ అన్నాడని ధీమా పడకండి.

మీ బాధ చట్టాలకు పట్టలేదని కాదు. భారత కాపీరైట్ చట్టం సెక్షన్ 31నే చూడండి. ఒకసారి జనంలోకి వచ్చిన కృతిని మళ్లీ విడుదల చేయడానికి హక్కుదారు నిరాకరించి, అందువల్ల అది జనానికి అందకపోతే, తప్పనిసరి లైసెన్సు, అంటే హక్కుదారు ఒప్పుకోకపోయినా చట్టం ద్వారా దక్కే అనుమతి, ఇప్పించమని అడగవచ్చు. అయితే అది మళ్లీ విడుదల చేయదలచినవాళ్ల దారి. ఇంట్లో కూర్చుని చూసుకునేవారికి దానితో ఒరిగేదేమీ లేదు.

అసలు డీవీడీ సెకండ్ హ్యాండ్‌లో దొరికితే నిక్షేపంగా కొనుక్కోండి. చాలా దేశాల్లో అది చట్టబద్ధమే. డీవీడీ ఏ ప్రాంతపు ప్లేయర్లలో ఆడుతుందో తేల్చే రీజియన్ కోడ్ మీ ప్లేయర్‌కు సరిపోతుందో లేదో మాత్రం ముందే చూసుకోండి. పెద్ద లైబ్రరీల్లో అడగండి. నిర్మాణ సంస్థకు ఒక మెయిల్ రాయండి. జవాబు రాకపోతే దాన్ని అనుమతి అనుకోకండి.

ఇప్పటికైతే ఆ టోరెంట్ ఆపేసి, ఫైలు తీసేయండి. అయితే ఈలోపే నోటీసు వచ్చి ఉంటే, దేన్నీ తొలగించకముందే లాయర్‌ను కలవండి. ఆ తర్వాత చెరిపితే సాక్ష్యం మాయం చేశారంటారు. రాజీకి ఇంత కట్టమంటూ కాగితం వస్తే కంగారుపడి సంతకం పెట్టకండి. కొన్నిటిలో తప్పు ఒప్పుకున్నట్టు ఒక వాక్యం ఉంటుంది.