ఊరగాయ, కారం ఎక్కువగా తింటే కడుపు క్యాన్సర్ వస్తుందా?

అనంతపురం నుంచి ఒకరు అడిగారు: "మా ఇంట్లో రోజూ సంగటిలోకి ఊరగాయే. కడుపు క్యాన్సర్ వస్తుందేమోనని భయంగా ఉంది."

జాగ్రత్త పడవలసింది ముఖ్యంగా ఉప్పు విషయంలో. కారం క్యాన్సర్ తెస్తుందని గట్టి రుజువు లేదు. జీర్ణాశయం లోపలి గోడను ఒక జిగురు పొర కాపాడుతుంది. ఉప్పు అతిగా తింటే ఆ పొర దెబ్బతిని, హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా చేసే హాని పెరుగుతుంది. ఈ క్యాన్సర్‌కు అన్నిటికన్నా పెద్ద కారణం ఆ బ్యాక్టీరియానే. 1994లోనే దాన్ని క్యాన్సర్ కారకాల్లో చేర్చారు. అయితే అది ఉన్నవారిలో చాలామందికి క్యాన్సర్ రాదు, కంగారు పడకండి.

వేయించబోయే ఊరమిరపకాయను దగ్గరగా చూడండి, తొడిమ చుట్టూ తెల్లగా ఉప్పు పేరుకుని ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు రోజుకు 5 గ్రాముల లోపు, అంటే ఒక టీస్పూను. ఊరగాయ, అప్పడం, ఊరమిరప ఒకే కంచంలో చేరితే అది దాటడానికి ఎంతోసేపు పట్టదు. ఊరగాయ మానమని నేను చెప్పను. నంజుకోండి, ముద్దముద్దకూ కలుపుకోకండి. ఎండుచేపలను బాగా నానబెట్టి కడగండి.

మీ జిల్లా బత్తాయి, జామ, ఆకుకూరలు రోజూ తినండి. వాటిలోని సి విటమిన్ కడుపులో నైట్రోసమైన్లనే హానికర పదార్థాలు తయారవకుండా కొంత అడ్డుకుంటుంది. పొగాకు మాత్రం పూర్తిగా మానాలి.

వారాల తరబడి అజీర్ణం, రెండు ముద్దలకే కడుపు నిండిపోవడం, బరువు తగ్గడం, నల్లటి విరేచనం ఉంటే పథ్యాలతో కాలం గడపకుండా వైద్యుడిని కలవండి.