నూనె బావిని ఫ్రాక్ చేశాక (అంటే ఒత్తిడితో నీళ్లూ ఇసుకా పంపి లోపలి రాతిని ముక్కముక్కగా, స్టేజ్‌లుగా పగలగొట్టాక) ఏ స్టేజ్ ఎంత ఇస్తోందో ట్రేసర్లు, అంటే జాడ పట్టడానికి కలిపే పదార్థాలు, చెప్పగలవా?

ఎంత ఇస్తోందో చెప్పలేవు. ఎక్కడ చెడిందో మాత్రం భలే పట్టిస్తాయి. అమ్మేవాళ్లు ఈ రెండో సంగతి వదిలేసి మొదటిదే అమ్ముతారు, నా కడుపుమంట అదే.

నేను టెక్సస్‌లో, మిడ్‌ల్యాండ్ చుట్టుపక్కల వుల్ఫ్‌క్యాంప్ అనే రాతి పొరలోని బావుల మీద పనిచేస్తాను. ఒక హారిజాంటల్ (లోపల అడ్డంగా తిప్పిన) బావిలో స్టేజ్‌కో రకం ఫ్లోరోబెంజోయిక్ ఆమ్లం నీళ్లలో కలిపి పంపారు. ఫ్రాక్ తర్వాత వెనక్కొచ్చే ఫ్లోబ్యాక్ నీళ్లు పట్టి ల్యాబ్‌కిస్తే వంద కోట్లలో ఒక వంతున్నా దొరికిపోతుంది. రిపోర్టు వచ్చింది, రంగురంగుల పై చార్టుతో. అందులో ఒక స్టేజ్ మొనగాడు. దాని రసాయనమే అన్నిటికంటే ఎక్కువ తిరిగొచ్చింది. ఇకమీదట బావులన్నీ ఆ డిజైన్‌తోనే కొట్టేద్దామన్నాడు మా బాసు.

అదృష్టం కొద్దీ ఇసుకకి కూడా రేడియోధార్మిక ట్రేసర్లు వేయించాం. ఇరిడియం-192, స్కాండియం-46, యాంటిమొనీ-124, వరసగా స్టేజ్‌కొకటి చొప్పున. బావిలోకి పరికరం దించి ఆ రేడియేషన్‌ని కొలిచే గామా లాగ్ తీస్తే, మొనగాడి పెర్ఫొరేషన్ల (పైపుకి పెట్టిన చిల్లుల) దగ్గర దాని యాంటిమొనీ జాడే లేదు. అంతా స్టేజ్‌ల మధ్య అడ్డుగా పెట్టే ప్లగ్ దాటిపోయి, అంతకుముందు కొట్టిన స్టేజ్‌లో ఇరిడియం పక్కన చేరింది. ప్లగ్ పట్టలేదన్నమాట! నీళ్లూ ఇసుకా అప్పటికే పగిలున్న రాతిలోకి పోయాయి, నీళ్లు పోయినంత సులువుగా వెనక్కొచ్చాయి. కొత్త రాయి ఒక్కటీ పగల్లేదు. చార్టుకి అవన్నీ ఏం తెలుసు, ఎవరి రసాయనమైతే వాళ్ల ఖాతాలో జమ వేసేసింది. అయినా తిరిగొచ్చింది నీళ్లు కదా, నూనె కాదు!

నమూనా సీసాల గోల వేరే. గంటకో నమూనా పట్టమంటే, రాత్రి షిఫ్టు కుర్రాళ్లు కొందరు ఒకేసారి అన్నీ నింపేసి టైములు మాత్రం వరసగా రాసేస్తారు. వాటి మీద దశాంశాలతో శాతాలు!

గామా లాగ్‌నీ నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. బావి గోడ నుంచి అడుగో రెండడుగులో చూస్తుంది, పగులు రాతిలో ఎంత దూరం పోయిందో దానికి తెలీదు. యాంటిమొనీ అర్ధాయువు 60 రోజులే కాబట్టి లాగ్ తీయడం ఆలస్యం చేస్తే అదీ కనపడదు. లోపలి సంగతి కళ్లతో చూడాలంటే రీగన్ కౌంటీలో చేసినట్టు, పగిలిన రాతిలోంచి దాదాపు 600 అడుగుల కోర్ (కడ్డీలా తొలిచిన రాతి నమూనా) తీయాలి. అక్కడ అమెరికా ఇంధన శాఖ చెయ్యేసింది, మనకెవరిస్తారు?

ట్రేసర్లు వేయించేటట్టయితే పక్క బావుల నీళ్లు కూడా పట్టించండి. మీ రసాయనం అక్కడ తేలిందంటే రెండు బావులూ కలిసినట్టే. పెట్టిన డబ్బు గిట్టేది అక్కడ.